అడ్డం రాని పిల్ల

దేవుడికి మేలు చెప్పుకోవడం నాకు చిన్ననాటి అలవాటు. వాన పడితే చెప్పుకుంటాను. పడకపోతే, కుళాయిలో నాలుగు రోజులకొకసారైనా నీళ్ళు వదిలినందుకు చెప్పుకుంటాను. పొద్దున దీపం వెలిగించి, నిన్న జరిగిన మంచి ఒక్కటైనా గుర్తు చేసుకుని స్వామికి విన్నవించుకోకుండా కాఫీ గ్లాసు ముట్టను. అరవై రెండేళ్ళలో అలా ఎన్ని చెప్పుకున్నానో నాకే తెలియదు. వాటిలో ఒక్కటి మాత్రం వెనక్కి తీసుకోవాలని ఉంది. దాదాపు ఆరు నెలల పాటు, పండగ పండగకీ, నా మనవరాలికి నెలసరి రానందుకు నేను దేవుడికి దండం పెట్టాను.

కోపంతోనే ఇది రాస్తున్నాను. ఎవరి మీద కోపం అని అడిగితే వరుసలో మొదట నిలబడేది నేనే. నా వెనక చాలామంది ఉన్నారు.

ఆదోనిలో మాది పత్తి వ్యాపారం చేసే ఇల్లు. కొడుక్కి మార్కెట్ యార్డు దగ్గర మండీ ఉంది. ఇంట్లో నేను, కొడుకు, కోడలు, మనవరాలు. పక్క వాకిలి మా ఆడబిడ్డది, అంటే మా ఆయన అక్కది. మా ఆయన పోయినా ఆమె మాట మా ఇంట్లో ఇంకా చెల్లుతూనే ఉంది. నెలసరి వచ్చిన ఆడది మూడు రోజులు వెనక వసారాలో, వేరే చాప మీద, వేరే కంచంతో కూర్చోవాలి. ఐదో రోజు తలస్నానం అయ్యాకే పూజగది గడప తొక్కాలి. నేను వయసు మళ్ళి ఆగిపోయేదాకా అలాగే కూర్చున్నాను. నా కోడలు కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే ఆ చాప చూపించాను.

అందుకని మా ఇంట్లో ప్రతి పండగకీ ముందు వేళ్ళ మీద లెక్కలు మొదలవుతాయి. వరలక్ష్మీ వ్రతం నాటికి ఎవరు లోపలుంటారు, ఎవరు బయటుంటారు, పొయ్యి దగ్గర ఎవరు, పీట ముందు ఎవరు. లెక్క కుదరకపోతే మందుల షాపు నుంచి మాత్ర వస్తుంది. ఆ మాత్రకి మా ఇంట్లో పేరు కూడా ఉంది, పండగ మాత్ర. రెండు మూడు రోజులు వాయిదా వేస్తుంది. షాపువాడు ఎవరికని అడగడు, మేము చెప్పం.

నా మనవరాలు పదకొండేళ్ళ వరకు ఇంట్లో కంటే వీధిలో ఎక్కువ ఉండేది. మా వీధి చివర సర్కారు బడి గ్రౌండు ఉంది. సాయంత్రాలు ఆ బడి ఆటల టీచరమ్మ ఆడపిల్లలకి ఖోఖో నేర్పేది. జిన్నింగు మిల్లుల్లో పనిచేసేవాళ్ళ పిల్లలే ఎక్కువ. చదివేది ప్రైవేటు బడిలోనైనా మా పిల్ల రోజూ అక్కడికే పరుగెత్తేది. మోకాళ్ళ నిండా ఎర్రమట్టితో ఇంటికొచ్చి, "అవ్వా, ఈ పొద్దు నన్ను ఒక్కరు గూడా పట్టుకోలే," అని చెప్పి నా కొంగుకే ముఖం తుడుచుకునేది.

పదకొండు నిండి నెల తిరగకముందే పెద్దమనిషి అయింది. పదకొండు రోజులు కూర్చోబెట్టాం. పచ్చికొబ్బరి, బెల్లం, నువ్వులుండలు, నేతిలో మునిగిన పూర్ణం ఓళిగలు. వచ్చిన ప్రతి చుట్టం, "తిను పాపా, నడుం గట్టిపడాల," అని ఒక ఉండ నోట్లో పెట్టి పోయింది. పదకొండు రోజులు అయ్యాక చాప ఎత్తాం కానీ ఆ కూర్చోబెట్టడం మాత్రం ఎత్తలేదు. సైకిలు మిద్దె మీదికి ఎక్కించాం. గ్రౌండు మాట ఎత్తవద్దన్నాం. అన్నాం అని బహువచనంలో రాస్తున్నాను గానీ, అన్నది నేను.

రెండు వారాల తర్వాత ఆటల టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. చెమట పట్టిన చీర, మెడలో విజిల్. వాకిట్లోనే నిలబడి, "అవ్వా, పాప రాలేదు, జరమొచ్చిందేమోనని సూసిపోదామని వచ్చినా," అంది. నేను ఆమెను కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, పళ్ళెంలో రెండు ఓళిగలు పెట్టి సంగతి చెప్పాను.

"అయితే ఏమవ్వా? నా దగ్గరున్న పిల్లోళ్ళందరూ అయినోళ్ళే. ఆ నాలుగు రోజులు నొప్పుంటే కూసుంటారు, లేకుంటే ఆడ్తారు."

"మా ఇండ్లల్లో ఆ అలవాటు లేదులేమ్మా," అన్నాను.

ఆమె ఓళిగ ముట్టలేదు. కాఫీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, "కాళ్ళుండే పిల్ల అవ్వా, ఊరికే పోగొట్టొద్దండి," అని వెళ్ళిపోయింది. ఆ గ్లాసు కడగడం చూసి, పద్ధతి తెలిసిన మనిషే అని మెచ్చుకున్నాను. ఆమె అన్న మాట మాత్రం చెవికి ఎక్కలేదు.

ఆ తర్వాత మూడేళ్ళూ పిల్ల ఎలా బతికిందో ఇప్పుడు తలచుకుంటే ఒళ్ళు మండుతుంది. పొద్దున గుమ్మం ముందే బడి బస్సు. బడిలో ఆటల పీరియడు అని కాగితం మీద ఉంటుంది, ఆ గంట లెక్కల సారు తీసుకుంటాడు. ఆడుకునే చోట కొత్త గదులు కట్టారు. సాయంత్రం మళ్ళీ గుమ్మం ముందే బస్సు. ఇంటికి రాగానే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ, ఆపైన ట్యూషను, ఆపైన మంచం మీద ఫోను. రోజుకి ఎన్ని అడుగులు వేసేదో ఆ దేవుడికే తెలియాలి. ఒళ్ళు వచ్చింది. రంగు తేలినట్టుందని, కళ వచ్చిందని చుట్టాలు అన్నారు. మెడ చుట్టూ నల్లగా పట్టీలా పడితే మురికి అనుకున్నాను. ఆదివారం ఆదివారం శనగపిండి, పసుపు కలిపి తోమాను. చర్మం ఎర్రబడింది, నలుపు పోలేదు. "సరిగ్గా నీళ్ళు పోసుకోవు," అని ఆ పిల్లనే తిట్టాను.

ఆ మూడో ఏడు వినాయక చవితికి ముందు ఒకసారి నెలసరి వచ్చి బయట కూర్చుంది. ఆ తర్వాత దసరా వచ్చింది. కోడలికి నెలసరి అడ్డం వచ్చింది, పిల్లకి రాలేదు. తొమ్మిది రోజులూ పిల్లే నైవేద్యాలు అందించింది. దీపావళికీ అంతే. కార్తీకంలో సోమవారం సోమవారం నాతో పాటు దీపాలు పెట్టింది. ధనుర్మాసంలో తెల్లవారుజామున లేచి నాకు పూలు కట్టి ఇచ్చింది. మా ఆడబిడ్డ పొంగిపోయి వీధిలో చెప్పుకునేది: "మా పాప అదృష్టవంతురాలప్పా. ఏ పండగకీ అడ్డం రాదు." తన ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకుని పిల్లని పిలిపించుకునేది. మడి వంటకి ఇంత అనువైన పిల్ల యాడుంటాది అనేది. నేను దీపం ముందు నిలబడి, ఇంత భాగ్యం ఇచ్చినందుకు దండం పెట్టుకునేదాన్ని. ఆ పిల్ల కడుపులో ఏదో సరిగా లేదన్న తలంపు మా ముగ్గురిలో ఒక్కరికీ రాలేదు. రాకపోవడానికి కారణం తెలివి లేకపోవడం కాదు. మాకు అది సౌకర్యంగా ఉంది.

శివరాత్రి ముందు శనివారం కొండ మీది ఆంజనేయస్వామి దగ్గరికి బయల్దేరాం, నేనూ పిల్లా. మెట్లు ఎక్కడం నాకు కొత్త కాదు, నెలకోసారి వెళతాను. సగం మెట్లు కూడా కాకముందే పిల్ల వెనకబడింది. తిరిగి చూస్తే మెట్టు మీద కూర్చుని నోటితో గాలి పీలుస్తోంది. ఒకప్పుడు ఆ మెట్లు రెండేసి ఒక్క అంగలో ఎక్కి పైనుంచి నన్ను వెక్కిరించిన పిల్ల. దిగి వచ్చి పక్కన కూర్చున్నాను. ఎండ ముఖం మీద పడుతోంది. గడ్డం కింద నాలుగైదు నల్లటి వెంట్రుకలు, బ్లేడుతో గీకిన గుర్తులు కనిపించాయి.

"ఇదేంది పాపా?"

"ఏమీ లేదవ్వా." చున్నీ గడ్డం దాకా లాక్కుంది.

"నువ్వు బయట కూసుని ఎన్నాళ్ళయింది?"

"చవితికి ముందు."

అప్పుడు మొదటిసారి, పండగల కోసం కాకుండా, నెలలు లెక్క పెట్టాను. "మరి ఎందుకు సెప్పలేదే?"

ఆ పిల్ల నా వైపు చూడలేదు. కింద ఊరి వైపు చూస్తూ చెప్పింది. "సెప్తే ఏమంటారు? మీరంతా సంతోషపడ్తాండారు కదా."

ఆ రోజు పైకి ఎక్కలేదు. స్వామిని కింది నుంచే చూసి దండం పెట్టుకుని, ఈసారి ఏమీ చెప్పుకోకుండా, దిగి వచ్చేశాను.

ఆదోనిలో ఆడ డాక్టర్లు లేక కాదు. ఆదోనిలో చూపిస్తే ఊరంతా తెలుస్తుందని, పిల్ల పేరు పోతుందని, కోడలు ఎమ్మిగనూరు పోదామంది. అది నా పుట్టినూరు. పిల్లకి ఒంట్లో బాగోలేకపోతే ఇరవై ఎనిమిది కిలోమీటర్లు దాక్కుంటూ వెళ్ళాలి. ఇదే జ్వరమైతే ఎదురింటివాళ్ళని తోడు తీసుకుపోయేవాళ్ళం.

డాక్టరమ్మది చిన్న ఆసుపత్రి. కోడలి వయసే ఉంటుంది. పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, మెడ చూసింది, గడ్డం చూసింది, బరువు తూచింది, రక్తం తీయించింది, స్కాన్ రాసింది. మధ్యాహ్నం అన్నీ చూసి, మాతో కాకుండా పిల్లతోనే మాట్లాడింది.

"నువ్వు చేసిన తప్పేమీ లేదు. అది ముందు గుర్తుపెట్టుకో. నీ వయసులో నెలసరి కొంచెం ముందూ వెనకా కావడం మామూలే. కానీ మూడు నెలలు దాటితే మాత్రం చూపించుకోవాల. నీకు ఇంకా పీసీఓఎస్ అని పేరు పెట్టేయను. ఆ దారిలో ఉండావు. ఇప్పుడే కదిలితే వెనక్కి మళ్ళొచ్చు."

కోడలు ముందుకి జరిగింది. "మాత్ర ఏమన్నా ఇయ్యండి మేడమ్. తొందరగా సరైపోవాల."

"అవసరమైతే ఇస్తానమ్మా. ముందు ఇది చెప్పండి. ఇంతకు ముందు ఏమైనా మాత్రలు వాడినారా?"

కోడలు నన్ను చూసింది. నేను చెప్పాను. పోయిన ఏడు మా ఆడబిడ్డ కొడుకు గృహప్రవేశానికి, పిల్ల పూజలో కూర్చోవాలని, పండగ మాత్ర ఇచ్చాం. ఒక్కసారే.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "అవ్వా, అది మీ అంతట మీరు పిల్లకి ఇచ్చే వస్తువు కాదు," అంది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది. తర్వాత పిల్లని అడిగింది: "ఏం ఆడ్తావు నువ్వు?"

పిల్ల చున్నీ కొసను వేలికి చుట్టుకుంది.

"ఏమీ ఆడవా? ఎప్పుడూ ఆడలేదా?"

"ఖోఖో ఆడ్తాంటి," అంది పిల్ల. "ఎవరికీ దొరక్కుండా."

"మరి ఎవరు మాన్పించినారు?"

పిల్ల చెప్పలేదు. కోడలూ చెప్పలేదు. వాళ్ళిద్దరూ నా మర్యాద కాపాడిన ఆ నిమిషం నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువగా తగిలింది. "నేనేనమ్మా," అన్నాను.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. రోజూ ఒక గంట, చెమట పట్టేలా, గుండె వేగంగా కొట్టుకునేలా కదలాలి. పరుగైనా, ఆటైనా, తాడాటైనా పరవాలేదు, పిల్లకి ఇష్టమైనది అయితేనే నిలుస్తుంది. నూనె, తీపి తగ్గించాలి, వేళకి నిద్రపోవాలి. ఒంట్లో చక్కెరను అదుపు చేసేది సరిగ్గా పని చేయకపోతే మెడ నల్లబడుతుందట, అది మురికి కాదట. సన్నగా ఉండే పిల్లలకీ ఈ బాధ రావచ్చట, లావుగా ఉన్నవాళ్ళందరికీ రాదట. "ఖచ్చితంగా రాకుండా చేస్తానని ఎవరూ చెప్పలేరు. కానీ కదిలే ఒంటికి దాన్ని నిలవరించే బలం ఎక్కువ. మూడు నెలలకి మళ్ళీ రండి."

బస్టాండుకి వెళ్ళే దారిలో నేను పుట్టిన వీధి తగులుతుంది. మా నాయనకి ఆ వీధిలో నూలు అంగడి ఉండేది. నాకు పన్నెండో ఏట బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెప్పించాడు ఆయన. కారణం ఇదే, పెద్దమనిషి కావడం. ఆయనే కూర్చుని పురాణాలు చదివించాడు, లెక్కలు నేర్పాడు, ఈ నాలుగు అక్షరాలు రాస్తున్నానంటే ఆయన పుణ్యమే. దానికి నేను రోజూ ఆయనకి దండం పెట్టుకుంటాను. కానీ బడి తలుపు మూసింది కూడా ఆయనే. ఆ సంగతి ఇన్నేళ్ళూ దండంలో కలిపేసి మింగాను.

నాకు ఒళ్ళు కదిలింది ఒక్క పనిలోనే. మా వీధి నేతగాళ్ళు పడుగు పోసేవాళ్ళు. వీధి పొడవునా గూటాలు పాతి, నూలు చేత్తో పట్టుకుని, ఆ చివర నుంచి ఈ చివరకి, ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగి తిరిగి దారాలు పరవాలి. ఆడవాళ్ళే తిరిగేవాళ్ళు. మా అంగడి నూలే కాబట్టి నేనూ వాళ్ళతో పాటు తిరిగేదాన్ని. పొద్దున మొదలుపెడితే ఎండ నెత్తికెక్కేదాకా. ఎవరూ తప్పు పట్టలేదు, ఎందుకంటే అది పని. అదే వీధిలో ఒకరోజు తొక్కుడుబిళ్ళ ఆడినందుకు మా అమ్మ నా కాలి మీద వాత పెట్టింది.

అదే నాకు మండేది. కోసిగి వైపు నుంచి సుగ్గికి, అంటే కోతల పనికి, వలసపోయే ఇండ్లల్లో ఆడపిల్లలు నడుం విరిగేలా మిరపకాయలు కోస్తారు. ఆ పిల్లల్ని ఎవరూ కూర్చోమనరు, వాళ్ళకి ఎవరూ నువ్వులుండలు పెట్టరు. పనికి కదిలితే ఆడపిల్ల మంచిది. తన కోసం, తన ఇష్టానికి, నవ్వుతూ కదిలితేనే ఊరికి కంట్లో నలుసు. ఒకరిని పనిలో అరగదీస్తారు, ఇంకొకరిని చాప మీద ఊరబెడతారు. ఆటాడుకునే ఆడపిల్ల మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

ఇంటికొచ్చాక కొడుకు అంతా విన్నాడు. మంచివాడే. కూతురంటే ప్రాణం. "గ్రౌండుకి వద్దమ్మా," అన్నాడు. "మండీలో నలుగురూ నాలుగు మాటలంటారు. ఇంట్లోనే సేసుకునేట్ల సూస్తా." మర్నాడు ట్రెడ్‌మిల్లు వచ్చింది. హాల్లో పెట్టి కొబ్బరికాయ కూడా కొట్టాం. గోడకి ఎదురుగా నిలబడి పిల్ల వారం రోజులు నడిచింది. పదో రోజుకి పది నిమిషాలు. మూడో వారానికి దాని మీద నా మడిచీర ఆరుతోంది.

"ఉరుకుతా ఉంటా అవ్వా, యాడికీ పోను," అంది పిల్ల. "ఎవరన్నా తరుముతాంటే కదా ఉరకబుద్ధయ్యేది."

అప్పుడు నాకు ఒక తెలివి తోచింది. దాన్ని తెలివి అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. మా పేటలో ఆంజనేయస్వామి గుడి ఉంది. నలభై ఒక్క రోజులు, రోజుకి నూట ఎనిమిది ప్రదక్షిణలు మొక్కుకున్నామని ఇంట్లో చెప్పాను. గుడి చుట్టూ పెద్ద ఆవరణ. నూట ఎనిమిది అంటే గంట పైమాటే. కొడుకు అడ్డం చెప్పలేదు. కోడలు సంతోషించింది. మా ఆడబిడ్డ అయితే పిల్ల నెత్తిన చెయ్యి పెట్టి దీవించింది. గ్రౌండుకి వద్దన్న కాళ్ళనే గుడి చుట్టూ తిరగమన్నారు. ఒళ్ళు అదే, గంట అదే, చెమట అదే. నేను దేవుణ్ణి తలుపుచాటుగా వాడుకున్నాను. స్వామి క్షమిస్తాడు, ఆయన స్వయంగా సముద్రం మీద ఎగిరినవాడు. నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

పిల్ల మాత్రం మొదటి వారం నడిచింది, రెండో వారం వేగం పెంచింది, మూడో వారం పరుగు అందుకుంది. మూల తిరిగేటప్పుడు ఖోఖోలో స్తంభం పట్టుకుని తిరిగినట్టు ధ్వజస్తంభం పక్కగా ఒక్క ఊపున మళ్ళేది. నెత్తురు ముఖంలోకి పొంగేది. అది చూస్తూ నేను మంటపం మెట్ల మీద కూర్చుని, ఎన్నాళ్ళకో, మనసారా నవ్వాను. ఆ రోజు మా ఆడబిడ్డ కూడా గుడికి వచ్చి ఉంది.

"నిలబడు పాపా," అంది. "ఏంది ఆ ఉరుకుడు? ప్రదక్షిణ అంటే అట్ల కాదు సేసేది. నిండు సూలాలు నెత్తి మీద నూనెకుండ పెట్టుకుంటే ఎట్ల నడుస్తాది? అట్ల నడవాల. అడుగులో అడుగేసి."

పిల్ల నిలబడిపోయింది. నన్ను చూసింది. పధ్నాలుగేళ్ళ పిల్ల. నెలసరి రాక డాక్టరు దగ్గరికి పోయిన పిల్ల. నిండు గర్భిణిలా నడవాలట. ఆ మాట నేను చిన్నప్పటి నుంచి వందసార్లు విన్నాను, నా కోడలికి చెప్పాను కూడా. భక్తికి నెమ్మది కావాలని చెప్పే మాట అది, నిజమే. కానీ ఆ రోజు నాకు అందులో ఇంకొకటి వినిపించింది. మా పిల్లలకి మేము నేర్పిన నడక ఒకటే ఒకటి, అది కడుపుతో ఉన్నదాని నడక. ఆ కడుపు పండాలంటే ముందు పిల్ల పరుగెత్తాలని మాకెవరికీ తట్టదు.

"నెమ్మదిగా తిరుగు పాపా," అన్నాను. అదీ నా పిరికితనం.

ఇరవై తొమ్మిదో రోజు సాయంత్రం పిల్ల నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పింది. వచ్చిందట. నేను ఆ పిల్లని దగ్గరికి తీసుకోబోయి, అలవాటు కొద్దీ చెయ్యి వెనక్కి లాక్కుని, ఏడ్చాను. పూజగది వైపు తిరిగి ఆనందంతో దండం పెట్టాను. ఈసారి తప్పు దండం కాదని నాకు తెలుసు. ఇంత తొందరగా నాలుగు వారాల నడకకే వచ్చిందో, దానంతట అదే వచ్చిందో నాకు తెలియదు. డాక్టరమ్మకి ఫోన్ చేస్తే, మంచిదే, కానీ ఒక్క నెలతో తీర్పు చెప్పలేం, ఆట మానకండి అంది.

నేను ఫోన్ పెట్టి వసారాలోకి వెళ్ళేసరికి చాప పరిచి ఉంది. కంచం పక్కన పెట్టి ఉంది. కోడలు ఎవరూ చెప్పకుండానే పరిచింది. తప్పు ఆమెది అనలేను, చెయ్యి దానంతట అది వెళ్ళింది. పక్క వాకిలి నుంచి ఆడబిడ్డ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అయ్యో, మొక్కు మధ్యలో తెగిపాయె," అంది. "ఇంక పన్నెండు రోజులే ఉండె. ఐదు రోజులు పోనిచ్చి మళ్ళీ మొదటి నుంచి తిరగాల. గుడికి దూరం, వీధికి దూరం. గమ్మున కూసో పాపా."

పిల్ల చాప మీద కూర్చుని మోకాళ్ళు చుట్టుకుంది. ఆడబిడ్డ వెళ్ళాక అంది: "ఇది రావాలనే కదవ్వా తిరిగింది. వచ్చినందుకు కూసోబెడితిరి."

నా నాయన చదివించిన పురాణాలన్నీ తిరగేసినా ఆ పిల్ల మాటకి జవాబు లేదు.

"నొప్పి ఉందా?"

"లేదు."

"ఆడగలవా?"

తల ఎత్తి చూసింది. "నిజంగా అడుగుతాండావా?"

"లెయ్యి," అన్నాను. చెయ్యి పట్టుకుని లేపాను. బయట కూర్చున్న మనిషిని ముట్టుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి, నెలసరి రోజుల్లో నన్ను మా అమ్మ కూడా ముట్టుకోలేదు. చెయ్యి వేడిగా, మామూలుగా, చెయ్యిలాగే ఉంది.

వీధిలో ఇద్దరం నడిచాం. అరుగుల మీద ఆడవాళ్ళు పలకరించారు. గుడికా అని ఒకామె అడిగింది. "కాదు, ఆటకి," అన్నాను. అంత చిన్న మాట అనడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

గ్రౌండులో పిల్లలు వరసగా గొంతుక్కూర్చుని ఉన్నారు. ఆటల టీచరమ్మ నన్ను చూసి విజిల్ నోట్లోంచి తీసింది. ఆ రోజు మా ఇంట్లో తన గ్లాసు తనే కడిగిన మనిషి. ఏమని క్షమాపణ అడగాలో తెలియలేదు.

"అమ్మా, పిల్లని తెచ్చినాను. ఈ పొద్దు నెలసరి మొదటి రోజు. నొప్పి లేదంట."

టీచరమ్మ ఏమీ ఎత్తిపొడవలేదు. "వచ్చి కూసో," అంది పిల్లతో. "ఆ మూడో గడిలో. మూడేండ్ల పాత కాళ్ళు సూద్దాం."

పిల్ల మూడో గడిలో కూర్చుంది. కాసేపటికి ఎవరో వీపు మీద తట్టి ఖో అన్నారు. లేచింది, పరుగెత్తింది, ఆరడుగులు పోయిందో లేదో తన పాదాలే తనకి అడ్డం తగిలి బోర్లా పడింది. పిల్లలందరూ నవ్వారు. తనూ నవ్వింది. మోకాలి మీద ఎర్రమట్టి అంటుకుంది.

అప్పుడే నా కొడుకు బండి గేటు దగ్గర ఆగింది. ఎవరో ఫోన్ చేసి ఉంటారు. దిగి నా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఏంది ఇది? ఈ రోజుల్లో, ఇంతమందిలో?"

"ఇంతమందిలో నీ కూతుర్నే చూడు," అన్నాను. "మండీలో మాటలు వస్తే ఇంట్లో నాతో చెప్పు. నేనొచ్చి జవాబు చెప్తా. ఇంట్లో కూసోబెట్టి దాన్ని మందుల పాలు చేస్తే, ఆ మండీ వాళ్ళు ఎవరూ రారు దాని పక్కన కూసోడానికి."

వాడు వెళ్ళిపోలేదు. బండికి ఆనుకుని నిలబడ్డాడు. పిల్ల రెండోసారి లేచి పరుగెత్తినప్పుడు, "ఎడమకి తిరగల్ల," అని తనలో తాను గొణుక్కున్నాడు.

ఇంటికొచ్చేసరికి దీపాల వేళ. ఆడబిడ్డ మా వాకిట్లోనే కూర్చుని ఉంది. పిల్ల మోకాలు చూసింది, నా చెయ్యి చూసింది.

"ఏమ్మే, బయటున్న దాన్ని ముట్టుకుని వీధంతా తిరిగినావంట. నెత్తిన నీళ్ళు పోసుకుని లోపలికి పో."

ఆమె నా పెద్దది. నలభై ఏళ్ళ పాటు ఆమె చెప్పింది కాదనలేదు. ఆమె నా కాన్పుల్లో పక్కన కూర్చుంది, మా ఆయన పోయినప్పుడు నాకు అన్నం తినిపించింది. ఆ మేలు మరవను. "నీళ్ళు పోసుకోను వదినా," అన్నాను.

కాళ్ళు కడుక్కుని, ఆ చేత్తోనే వత్తి వేసి, ఆ చేత్తోనే దీపం వెలిగించాను. వత్తి ఎప్పటిలాగే అంటుకుంది. పిల్ల వసారాలో చాప మడిచి గోడకి ఆనించి, హాల్లోకి వచ్చి ట్రెడ్‌మిల్లు మీది నా మడిచీర తీసి, ఆ మిషను మీద కూర్చుని మోకాలికి పసుపు అద్దుకుంటోంది. అక్కడి నుంచే అడిగింది:

"అవ్వా, రేపు గూడా రెండో రోజే కదా. పోదామా?"

"ఐదున్నరకి రెడీగా ఉండు," అన్నాను.